కళ్ళు మూసుకుని ఏ వేలో చెప్పు

ఈ వయసు వచ్చేదాకా నన్ను అందరూ చాలా సంగతులు అడిగారు. ఆవకాయలో ఉప్పు ఎంత, పురిటింట్లో ఏం వండాలి, ఫలానా వాళ్ళ పెద్దమ్మాయి ఏ నక్షత్రంలో పుట్టింది, ఇలాంటివి. నా చదువు ఐదో తరగతితో అయిపోయింది గాని జ్ఞాపకానికి మాత్రం ఢోకా లేదని మా నెహ్రూ నగర్ వీధిలో అందరికీ తెలుసు. అయినా "మీ నాన్నగారు ఎలా నడిచేవారమ్మా?" అని అడిగిన మనిషిని మాత్రం మొన్నటిదాకా చూడలేదు. ఎలా నడుస్తారు, రెండు కాళ్ళతో నడిచేవారు అనబోయి ఆగాను. ఎందుకంటే ఆ మాట వినగానే నాన్న నడక చప్పుడు నా చెవిలో పడింది. టప్, టప్ అని, నేల మీద తడి గుడ్డ వేసి కొట్టినట్టు. మా క్వార్టరు వీధి మొదట్లో ఆ చప్పుడు వినబడగానే అమ్మ బొగ్గుల సిగిడీ మీద నీళ్ళు పెట్టేది.

అడిగిందేమో ఒక డాక్టరమ్మ, చిన్నపిల్ల. నరాల జబ్బుల మీద, అందులోనూ వంశంలో దిగివచ్చే వాటి మీద, పెద్ద ఊళ్ళో పరిశోధన చేసేచోట పనిచేస్తుందట. మా మనవరాలు స్వాతి కాళ్ళ కోసం వచ్చింది. స్వాతికి ఇరవై ఏళ్ళు. నడుస్తూ ఉండగా కాలి నుంచి చెప్పు జారిపోతే దానికి తెలియడం లేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు బోసిగా బజారు దాకా వెళ్ళి, ఎవరో "దీదీ, ఆప్‌కా చప్పల్" అని పిలిస్తే అప్పుడు చూసుకుంటుంది. పిక్కలు సన్నబడ్డాయి, పాదం విల్లులా వంగింది, మెట్టు ఎక్కితే బొటనవేలు తగులుకుని పడుతుంది. ఇక్కడా రాయపూర్‌లోనూ చూపించాక, ఇది ఇంటి రక్తంలో వచ్చేది కావచ్చని వాళ్ళే ఆ పరిశోధన చేసేవాళ్ళకు రాశారు. ఈ అమ్మాయి వచ్చి మా డైనింగు బల్ల మీద పెద్ద కాగితం పరిచి మా వంశమంతా గీసింది. మగవాళ్ళు చదరం, ఆడవాళ్ళు గుండ్రం. జబ్బు ఉందనుకుంటే లోపల పెన్నుతో నలుపు. అంతమంది బతుకులూ పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడడానికి గీసిన గళ్ళలా కనబడ్డాయి నాకు.

"అమ్మా, ఉన్నవాళ్ళ రక్తం ఒక్కటే మాకు చాలదు. లేనివాళ్ళది కూడా కావాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా ఎక్కడుందో పట్టుకోగలం. అది పట్టుకుంటే స్వాతికి ముందు ముందు ఎలా ఉంటుందో, తన పిల్లలకు వస్తుందో రాదో కొంతైనా చెప్పగలం. మీకు తోడబుట్టినవాళ్ళు ఉన్నారా?" అంది.

ఉన్నాడు. ఒక్కడే. మా అన్నయ్య. ఇక్కడికి ఆటోలో అరగంట దూరం, మరోదాలో ఉంటాడు. పెళ్ళిళ్ళలో ఎదురైతే మాటలు ఉన్నాయి గాని ఒకరింటికి ఒకరు వెళ్ళి ఎన్నేళ్ళయిందో నా జ్ఞాపకానికే అందదు. మా అబ్బాయి ముందే ఫోను చేసి అడిగాడు. "ఆ ఇంట్లో నాకు భాగం ఏటుందని నా రక్తం ఇవ్వాలి?" అని పెట్టేశాడట.

తర్వాత డాక్టరమ్మ నన్ను కూడా కుర్చీలో కూర్చోబెట్టింది. మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టింది, ఏదో రెండు కొమ్ముల ఇనప పుల్లను మోగించి నా బొటనవేలి మీద పెట్టింది. "అదురు తెలుస్తోందా అమ్మా?" అంటే, "పెట్టావా?" అన్నాను. పక్కనే నిలబడ్డ మా కోడలు నా మొహంలోకి అదోలా చూసింది. నేను గుడ్డ లేకుండా పొయ్యి మీది అన్నం గిన్నె దింపుతానని, మా అత్తయ్య చేతికి వేడి తగలదని, అందరికీ గొప్పగా చెప్పేది ఆ కోడలే. డాక్టరమ్మ అప్పుడు చివరగా అంది, "కళ్ళు మూసుకోండి అమ్మా. నేను ఏ వేలు ముట్టుకుంటున్నానో చెప్పండి."

కళ్ళు మూసుకున్నాను. మూసుకున్న కళ్ళ ముందు డాక్టరమ్మ లేదు. మా సెక్టారు క్వార్టరు పెరటి గట్టు ఉంది, నాన్న ఉన్నాడు, నాన్న చేతిలో కోడి ఈక ఉంది.

ఆ పెరడు గురించి ముందు చెప్పాలి. రెండు గదుల క్వార్టరు మాది. వెనక ఒక గట్టు, దాని పక్కన అమ్మ బొగ్గుల సిగిడీ, తులసి, కరివేపాకు, కాస్త అవతల బట్టలుతికే బండ. పొద్దున్నే బొగ్గు పొగ, దానిలో చోడి అంబలి కాగుతున్న కమ్మటి వాసన. మధ్యాహ్నం అమ్మ ఎండుచేపలు కాల్చిందంటే పక్క క్వార్టరు బిలాస్‌పూర్ వాళ్ళ కిటికీలు టకటకా మూసుకునేవి. నాన్న విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరినవాడు. డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, ఆ గట్టు మీద కూర్చుని, గడ్డం గీసుకునే గుండ్రటి అద్దాన్ని అరికాలి కింద పెట్టి చూసుకునేవాడు. ఒక కాలు అయ్యాక ఇంకో కాలు. వేళ్ళ సందుల్లో వేలు పెట్టి తడిమేవాడు. "ఊరందరూ మొహం చూసుకోడానికి అద్దం కొంటారు, ఈ బాబు అరికాళ్ళకి కొన్నాడు" అని అమ్మ నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. నాన్న మాత్రం లెక్క తప్పుతుందన్నట్టు తల ఎత్తేవాడు కాదు.

ఇంకొకటి, ప్లాంటు బూట్లు. చీలమండ పైదాకా తాళ్ళు బిగించే బరువైన బూట్లు. అందరూ డ్యూటీ అవగానే వాటిని గుమ్మం బయట విసిరేసి హవాయి చెప్పులు వేసుకునేవాళ్ళు. నాన్న బజారుకు అవే, సినిమాకు అవే, పెళ్ళికి కూడా అవే. మా మేనమామ ఒకసారి పెళ్ళిపందిట్లో అందరి ముందూ అడిగాడు, "ఏటి బావా, పెళ్ళికొచ్చినావా, డ్యూటీకొచ్చినావా?" అని. "ముందు బోయినం పెట్టించు, ఏ డ్యూటీ చెయ్యాలో అప్పుడు సెప్తాను" అన్నాడు నాన్న. అందరూ గొల్లుమన్నారు. ప్లాంటు ఉద్యోగమంటే అంత గర్వం అతనికి అనుకున్నాం. ఇప్పుడు స్వాతికి పాదం జారకుండా చీలమండకు కట్టుకునే పట్టీ ఒకటి ఇచ్చారు. దాన్ని మొదటిసారి బిగించుకుని అది నడుస్తుంటే, వెనక నుంచి నాకు బూట్లు వేసుకున్న నాన్న నడకే కనబడింది.

అయితే మా వాళ్ళలో నాన్నకు పేరు తెచ్చింది బూట్లు కావు, గుండం. మా వైపు నుంచి వచ్చిన కుటుంబాలన్నీ కలిసి ఏటేటా అమ్మవారి సంబరం చేసేవి. పొద్దు వాలే వేళకు మైదానంలో చింతనిప్పుల గుండం సిద్ధం చేసేవారు. మొక్కుకున్నవాళ్ళంతా పసుపు బట్టలతో వరసలో నిలబడేవారు. మొదటి అడుగు ఎప్పుడూ మా నాన్నదే. ఆ ఒక్కరోజే నాన్న వట్టికాళ్ళతో కనబడేవాడు. మిగతావాళ్ళు నాలుగు అంగల్లో దాటి పరుగెత్తిపోయేవారు. మా నాన్న మాత్రం నెమ్మదిగా, మోకాళ్ళు కొంచెం పైకెత్తి, టప్, టప్ అని, రేషను షాపుకు వెళ్తున్నట్టు నడిచేవాడు. డప్పులు ఆగిపోయేవి. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. అమ్మోరు ఆ ఇంటివాళ్ళకి పాదం ఇచ్చింది అనేవారు. నా పక్కన నిలబడ్డ ఎవరో ముసలామె వంగి నా కాళ్ళు కూడా ఒకసారి ముట్టుకుని కళ్ళకద్దుకోవడం నాకు గుర్తు.

గుండం తొక్కి వచ్చాక తొమ్మిది రోజులు ఆ పాదాలు ఎవరికీ చూపించకూడదని మా ఇంటి నియమం. నాన్న లోపలి గదిలో మంచం మీద ఉండేవాడు, సెలవు పెట్టేవాడు. అమ్మ ఒక్కర్తే లోపలికి వెళ్ళేది, వేపనూనె, పసుపు, మెత్తటి పాత చీర ముక్కలు పట్టుకుని. తలుపు సందు నుంచి వేపనూనె చేదు వాసన, దాని అడుగున ఇంకేదో పచ్చి వాసన వచ్చేవి. మిగతావాళ్ళు మర్నాడే డ్యూటీకి పోతుంటే మా నాన్నకే ఎందుకు నియమం అని మేము అడగలేదు. మొదటి అడుగు వేసినవాడికి మడి ఎక్కువ ఉంటుంది కదా అనుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నియమం మా అమ్మే పెట్టి ఉంటుందనిపిస్తుంది. పరుగెత్తేవాళ్ళకు కాలు చెబుతుంది, పరుగెత్తు అని. నాన్న కాలు నాన్నకు ఏమీ చెప్పేది కాదు. చెప్పినా అతను పరుగెత్తలేడు.

అన్నయ్యకు పదహారేళ్ళు, నాకు ఎనిమిది. ఆ ఏడు మొదటి అడుగు కొడుకు చేత వేయించమని కులపెద్దలు వచ్చి అడిగారు. అన్నయ్య పసుపు పంచె తడిపి ఆరేసుకున్నాడు, వారం నుంచి నేల మీదే పడుకున్నాడు. సంబరం రెండు రోజులు ఉందనగా ఒక సాయంత్రం నాన్న మా ఇద్దరినీ గట్టు మీద కూర్చోబెట్టి, కోడి ఈక ఒకటి తీసి, "కళ్ళు మూసుకోండి. ఏ వేలు ముట్టుకున్నానో సెప్పాలి. సరిగ్గా సెప్పినోళ్ళకి బెల్లం" అన్నాడు. అన్నయ్య టకటకా చెప్పేశాడు, బొటనవేలు, చిటికెనవేలు, మధ్యది అని. తర్వాత నా వంతు. నేనూ చెప్పాను, అంతే గట్టిగా. నాన్న ఈక గట్టు మీద పెట్టాడు. తర్వాత "బాగా సెప్పేవు తల్లీ" అని పెద్ద బెల్లం ముక్క నా చేతిలోనే పెట్టాడు. నేను గెలిచాననుకున్నాను. అన్నయ్యకు ఏమీ పెట్టలేదు. అతని వైపు తిరిగి, "నువ్వు గుండం తొక్కొద్దు" అన్నాడు.

"ఏం? నాకేటి తక్కువ?" అన్నాడు అన్నయ్య.

"నీకేటీ తక్కువ నేదు. అందుకే" అన్నాడు నాన్న.

అంతకంటే ఇంకో ముక్క చెప్పలేదు. ఆ ఏడూ నాన్నే తొక్కాడు. సంబరంలో అందరూ అన్నయ్యను చూసి గుసగుసలాడారు, కుర్రాడిలో ఏదో మైల ఉందని. ఆ తొమ్మిది రోజులూ అవగానే నాన్న నాకు చీలమండ పైదాకా తాళ్ళు కట్టే బూట్లు కుట్టించి తెచ్చాడు. మా వీధి మొత్తం మీద బూట్లు ఉన్న ఆడపిల్లను నేనే. చెప్పుల్లేకుండా బయట కనబడితే నాన్న ఎప్పుడూ లేనిది కోప్పడేవాడు. అన్నయ్య పద్దెనిమిది నిండగానే నందిని సున్నపురాయి గనుల్లో పని వెతుక్కుని వెళ్ళిపోయాడు. నాన్న పోయినప్పుడు వచ్చి తలకొరివి పెట్టి, దినాలవగానే వెళ్ళిపోయాడు. గనుల్లో రిటైరయ్యాక మరోదాలో ఇల్లు కట్టుకున్నాడు.

డాక్టరమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె రాయడం ఆపేసి విన్నది. చివరికి, "మీ నాన్నగారు చేసింది మేము చేసే పరీక్షే అమ్మా. అరికాళ్ళు అద్దంలో చూసుకోమని స్వాతికీ ఇవాళ నేను చెప్పబోతున్నాను" అంది. అని, నాన్న చదరాన్ని నల్లగా నింపడం మొదలుపెట్టింది. నాకు తెలియకుండానే ఆమె చెయ్యి పట్టుకోబోయాను. గుండం మీద నడిచిన ఆ మనిషి, పెళ్ళిలో అందరినీ నవ్వించిన ఆ మనిషి, ఆ కాస్త సిరాలోకి ఎలా పోతాడో నాకు అర్థం కాలేదు. తర్వాత నా గుండ్రం నింపింది. మా అబ్బాయి పాదాలు చూసి అతనిదీ నింపింది. ఆ తర్వాత స్వాతిది. నల్లటి దారం ఒకటి పైనుంచి కిందికి నా మీదుగా వచ్చింది. అన్నయ్య చదరం ఒక్కటే ఖాళీగా ఉంది, అందులో ప్రశ్న గుర్తు పెట్టింది.

మర్నాడు నేనూ స్వాతీ మరోదా వెళ్ళాం. అన్నయ్య వాకిట్లో సైకిలు తిరగేసి చైనుకు నూనె వేస్తున్నాడు. తల ఎత్తి, "ఏటే సత్తీ, బూట్లు ఏవి?" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఇంట్లో నేను విన్న మొదటి మాట అది. వదిన లోపల నుంచి, "ఆయమ్మని ముందు కూకోనివ్వు" అని కేకేసి మజ్జిగ తెచ్చింది.

నేను వచ్చిన పని చెప్పాను. జబ్బు సంగతి, నాన్న అద్దం సంగతి, ఈక సంగతి. అన్నయ్య చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"నువ్వు ఆరోజు అన్నీ తప్పే సెప్పేవు, ఎరికేనా?" అన్నాడు.

"నేనా? నాన్న బాగా సెప్పేవన్నాడు కదా?"

"నేను కళ్ళు తెరిచి సూసేను. నువ్వు నాలుగోదన్నప్పుడు ఈక నీ కాలికి జానెడు దూరంలో ఉంది. అయినా బెల్లం నీకే పెట్టినాడు. అప్పుడు తెలిసింది నాకు. అమ్మోరు పాదం నీకిచ్చింది, నాకివ్వలేదు. ఆడపిల్లవి కాబట్టి గుండం తొక్కించలేక బూట్లు కుట్టించినాడు."

అన్నయ్య చైను వైపు చూస్తూ చెప్పుకుపోయాడు.

"నాకు తెలిసిపోయేది సత్తీ. ఎంత నెమ్మదిగా ముట్టుకున్నా తెలిసిపోయేది. ఇంట్లో ఎవులూ లేనప్పుడు సిగిడీలో వేడి బూడిద తీసి, దాని మీద కాలు పెట్టి సూసేవోణ్ణి, ఇవాళైనా తెలవకుండా ఉంటాదేమోనని. మంటెత్తిపోయేది. రెండేళ్ళు సూసేను. తెలుస్తానే ఉంది. ఇంక ఆ ఇంట్లో ఉండి ఏటి సెయ్యమంటావు?"

డెబ్బై దాటిన మనిషి, పిల్లలు పెళ్ళిళ్ళై వెళ్ళిన మనిషి, తన కాలికి నొప్పి తెలుస్తుందని ఇన్నేళ్ళూ సిగ్గుపడ్డాడు. నేను నొప్పి తెలియనిదాన్ని, బూట్లు వేసుకుని వీధి వీధంతా తిరిగాను. మా ఇద్దరిలో ఎవరికి ఎవరి మీద కోపం రావాలో కూడా నాకు తెలియలేదు. నాన్న మీద రావాలా? అన్నీ తెలిసిన మనిషి ఒక్క మాట చెప్పి ఉంటే అన్నయ్య ఇల్లు వదిలేవాడు కాదు. కానీ ఏమని చెబుతాడు? ఆ రోజుల్లో కాళ్ళకు స్పర్శ లేదంటే ఊరు ఏ జబ్బు పేరు పెడుతుందో అతనికి తెలుసు. ఆ పేరు పెట్టిన ఇంట్లో నీళ్ళు కూడా ముట్టరు. దానికంటే అమ్మవారి పాదం అనిపించుకోవడమే మేలనుకున్నాడేమో. లేక అతను కూడా సగం నమ్మాడేమో. రోజూ అద్దంలో చూసుకున్నది పుండునా, వరాన్నా? ఇప్పుడు అడగడానికి లేడు.

స్వాతి అప్పటిదాకా ఫోను చూస్తూ కూర్చుంది. మా తెలుగు దానికి సగమే అందుతుంది. ఏం అందిందో గాని, లేచి వెళ్ళి అన్నయ్య ఎదురుగా పీట మీద కూర్చుని, పట్టీ విప్పి, కాలు అతని ఒడిలో పెట్టింది. "తాతా, వో గేమ్ నాతో ఆడండి. మై ఆంఖ్ బంద్ కర్తీ హూఁ" అని కళ్ళు మూసుకుంది.

అన్నయ్య నా వైపు చూశాడు. చీపురులోంచి ఒక పుల్ల విరిచి, మెత్తటి కొనతో ఆ పిల్ల చిటికెనవేలు ముట్టుకున్నాడు.

"షురూ కరో నా తాతా" అంది స్వాతి, ఇంకా మొదలే కాలేదనుకుని.

అన్నయ్య మళ్ళీ ముట్టుకున్నాడు. ఈసారి కాస్త గట్టిగా, బొటనవేలు.

"ఎంతసేపు? సో గయే క్యా?" అంది అది, నిద్రపోయారా అని, కళ్ళు తెరవకుండానే, నవ్వుతూ.

అతను పుల్ల పక్కన పెట్టేశాడు. "అయిపోయిందమ్మా. అన్నీ కరక్టే" అన్నాడు. అచ్చం నాన్న గొంతు. వదినను బెల్లం తెమ్మన్నాడు. వంగి, నూనె మరకల వేళ్ళతోనే ఆ పిల్ల కాలికి పట్టీ తొడిగి, ఒక్కొక్క బెల్టూ బిగించి, బిగింపు ఎక్కువైందా అని అడగబోయి, అడిగినా దానికి తెలియదని గుర్తొచ్చి, తన చూపుడువేలు లోపలికి దూర్చి తనే చూసుకున్నాడు. తర్వాత నాతో, "ఆ డాక్టరమ్మ ఎన్నాళ్ళుంటాది?" అన్నాడు.

మర్నాడు పొద్దున ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఇన్నేళ్ళలో మా ఇంటి గుమ్మం దాటడం అదే మొదటిసారి. డాక్టరమ్మ ముందు అతనికి పరీక్షలు చేసింది. కళ్ళు మూసుకుని అన్నీ చెప్పాడు, పదహారేళ్ళ కుర్రాడిలా టకటకా. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించేశాడు, ఎవరైనా వింటారేమో అన్నట్టు. చేతికి రబ్బరు గొట్టం కట్టి సూది గుచ్చినప్పుడు భుజం ఉలిక్కిపడింది.

"నొప్పి పుట్టిందా తాతగారూ?"

"పుట్టిందమ్మా" అన్నాడు తల వంచుకుని.

"లక్కీ" అంది స్వాతి పక్కనుంచి. అన్నయ్య దాని వంక చూసి, ఇంకో చెయ్యి కూడా చాపాడు. డాక్టరమ్మ నవ్వి ఒకటి చాలంది. ఫలితం రావడానికి నెలలు పట్టవచ్చని, వచ్చినా అన్నీ తెలుస్తాయని మాట ఇవ్వలేనని చెప్పి, ఆ సీసాల మీద మా పేర్లకు బదులు అంకెలు రాసుకుని వెళ్ళింది.

ఆరోజు అన్నయ్య మా ఇంట్లోనే భోంచేశాడు. అన్నం ఉడికింది, నేను అలవాటుగా వట్టి చేతులతో గిన్నె దింపబోయాను. వెనక నుంచి, "ఆగు" అన్నాడు. వచ్చి గిన్నె అంచును వేలి కొనతో ఇలా తాకి, చురుక్కుమంటే వెనక్కి తీసుకుని, ఆ వేలు చెవి తమ్మెకు ఆనించుకున్నాడు. "కాలతాంది సత్తీ. గుడ్డ పట్టుకో" అన్నాడు.

గుడ్డ పట్టుకున్నాను.